తిరుపతి ఎండల్లో ఆరడుగుల పగడపు తొట్టె: అమరిక, వెలుతురు

ఇంట్లో పగడాలతో పెద్ద అక్వేరియం పెట్టుకోవాలనుకునేవారు అందరికంటే ముందు అడిగే ప్రశ్న ఏ లైటు కొనాలన్నది. తిరుపతిలోనో చిత్తూరులోనో ఉండేవారు ఆ ప్రశ్నను కొంతకాలం పక్కన పెట్టి, ముందుగా ఒక గది థర్మామీటరు కొని, తొట్టెను ఉంచదలచిన గోడ పక్కన మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు అది ఎంత చూపిస్తుందో రాసుకోవాలి. పగడాలకు 25, 26 డిగ్రీల నీరు హాయిగా ఉంటుంది. 28 వరకు అవి ఓర్చుకుంటాయి. 30 దాటి కొన్ని రోజులు నిలిస్తే తెల్లబడిపోవడం మొదలవుతుంది. మన ఊళ్ళో వేసవిలో బయట 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఆ పైన తొట్టెలోకి పంపే ప్రతి వాటు వెలుతురూ చివరికి వేడిగానే మారుతుంది కాబట్టి, ఎంత వెలుతురు ఇవ్వగలమన్నది ఎంత వేడిని బయటికి తీసివేయగలమన్న దానిమీదనే ఆధారపడి ఉంటుంది. అందుకే ఇందులో లైటు గురించి చివరన చెబుతున్నాను.

ఇక్కడి లెక్కలన్నీ ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టెకు సంబంధించినవి. అంచుల వరకు లెక్కిస్తే దానిలో సుమారు 680 లీటర్లు పడతాయి. అంచు కింద వదిలే ఖాళీనీ రాళ్ళు ఆక్రమించే చోటునూ తీసివేసి, స్టాండు కింద ఉండే రెండో తొట్టె, అంటే సంపులోని నీటిని కలిపితే మొత్తం 700 లీటర్ల దాకా వస్తుంది. అంతకంటే లోతైన తొట్టె చూడటానికి గంభీరంగా ఉంటుంది కానీ, అడుగుకు వెలుతురు చేర్చడం కష్టం, చెయ్యి పెట్టి శుభ్రం చేయడం అంతకంటే కష్టం.

కొనే ముందు తెలుసుకోవలసిన చట్టం

విదేశీ వీడియోలు చూసి రంగురంగుల కొమ్మల పగడాలను కోరుకునేవారు ఒక విషయం గమనించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, సముద్రపు విసనకర్రలు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా చట్టం రక్షణలో ఉన్నవే. 'లైవ్ రాక్' అనే పేరుతో అమ్మే రాయి చాలా సందర్భాల్లో సముద్రం నుంచి పగలగొట్టి తెచ్చిన పగడపు అస్థిపంజరమే కనుక దాని జోలికీ పోకూడదు.

కాబట్టి ఈ మార్గదర్శిని మెత్తని పగడాల తొట్టెకు మాత్రమే పరిమితం. జోవాంథిడ్లు, మష్రూమ్ పగడాలు, తోలు పగడాలు అని వ్యవహరించే లెదర్ కోరల్స్ పైన చెప్పిన వర్గాల్లోకి రావు. అయినా పెంపకం నుంచి వచ్చిన ముక్కలనే, ఎక్కడి నుంచి వచ్చాయో రాసి ఉన్న బిల్లుతో సహా తీసుకోవడం క్షేమం. ఇది రాజీపడటమని నేను అనుకోను. మెత్తని పగడాలు గట్టి పగడాలంత తీవ్రమైన వెలుతురు కోరవు, నీటిలోని సున్నాన్ని అంత వేగంగా తినవు, వ్యర్థాల నుంచి వచ్చే నైట్రేటు కొద్దిగా పెరిగినా అలిగిపోవు. మన ఎండకు, మన కరెంటుకు సరిపడే జీవులు అవే.

చోటు, బరువు, స్టాండు

ఆరడుగుల తొట్టె నీళ్ళు, అద్దం, రాళ్ళు, స్టాండు కలిపి ఒక టన్నుకు అటూ ఇటూగా తూగుతుంది. ఆ బరువంతా నేలమీద ఒక చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ చోటులో పడుతుంది. నివాస గదుల నేలను రూపొందించేటప్పుడు భారతీయ ప్రమాణాల ప్రకారం ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. గది మొత్తానికి పంచి చూస్తే ఈ బరువును స్లాబు మోయవచ్చు కానీ, అది ఒకే చోట ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటుంది కనుక కింది అంతస్తే మంచిది. మిద్దె మీదే పెట్టవలసి వస్తే తొట్టె పొడవు దూలం వెంట వచ్చేలా గోడను ఆనుకొని పెట్టాలి, అంతకంటే ముందు ఇల్లు కట్టిన ఇంజనీరుకు ఇంటి ప్లాను చూపించి అడగాలి. పై అంతస్తు గదులకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది: పగలంతా కాలిన స్లాబు రాత్రి పదకొండు వరకు వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది.

పడమటి గోడ, కిటికీ నుంచి నేరుగా ఎండపడే చోటు పనికిరావు. పూజగదికి ఆనుకున్న హాలు కూడా నా దృష్టిలో మంచి చోటు కాదు, ఎందుకంటే నీటిలోని మలినాలను నురుగుగా వేరుచేసే స్కిమ్మర్ గదిలోని గాలినే పీల్చి నీటిలో కలుపుతుంది; సాంబ్రాణి పొగ, అంతకంటే ముఖ్యంగా దోమల మందు, బొద్దింకల స్ప్రే ఆ దారిన లోపలికి పోతాయి. ఆ స్ప్రేల్లో ఉండే పైరిథ్రాయిడ్లు రొయ్యలకు, పీతలకు విషం.

స్టాండుకు చతురస్రపు ఇనుప గొట్టాలను వెల్డింగ్ చేయించి ఎపాక్సీ రంగు రెండు పూతలు వేయించవచ్చు. చిత్తూరు జిల్లాలో గ్రానైటుకు కొదవ లేదు కాబట్టి ఇటుక దిమ్మెలు కట్టించి పైన గ్రానైటు పలక పరిపించడం కూడా మంచి పద్ధతే, ఉప్పునీటికి అది తుప్పు పట్టదు. ఏది చేయించినా మేస్త్రి చేత నీటిమట్టం గొట్టంతో నాలుగు మూలలూ సరిచూపించాలి. అద్దానికీ పలకకూ మధ్య థర్మోకోల్ షీటు పరవాలి. రెండడుగుల ఎత్తు తొట్టెకు, పై అంచుల చుట్టూ బ్రేసింగు (బిగింపు పట్టీలు) ఉంటే, 12 మిల్లీమీటర్ల అద్దం సరిపోతుంది. తొట్టె వచ్చిన వెంటనే ఉప్పు కలపకుండా మామూలు నీళ్ళు నింపి వారం రోజులు ఆరుబయట ఉంచితే అతుకుల సంగతి తేలిపోతుంది.

నీళ్ళు, ఉప్పు

తిరుపతికి కల్యాణి డ్యామ్ నుంచి, తెలుగు గంగ నుంచి నీరు వస్తుంది. చాలా ఇళ్ళలో దానికి తోడు బోరు నీళ్ళు కలుస్తాయి. వాటిలో కరిగి ఉన్న లవణాలు ఇంటింటికీ మారతాయి కాబట్టి ఒక టీడీఎస్ మీటరుతో మీ కుళాయి నీటిని మీరే కొలుచుకోవాలి. అయితే కొలత ఎంత వచ్చినా చేయవలసింది ఒకటే: ఆర్ఓ యంత్రం తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఅయొనైజేషన్ రెసిన్ గొట్టాన్ని అమర్చి, మీటరు సున్నా చూపించే నీటిని మాత్రమే వాడాలి. వంటింట్లోని తాగునీటి ఆర్ఓ సరిపోదు, ఎందుకంటే అది రుచి కోసం కొన్ని లవణాలను కావాలనే నీటిలో ఉంచుతుంది. రోజుకు 75 గ్యాలన్లు అని రాసి ఉండే మెంబ్రేన్ కాగితం మీద 280 లీటర్లు ఇవ్వాలి కానీ, పీడనం తక్కువగా ఉండే ఇళ్ళలో అందులో సగమో, సగం కంటే కొంచెం ఎక్కువో వస్తుంది. 700 లీటర్లు పోగవడానికి నాలుగైదు రోజులు పట్టినా తొందరపడనవసరం లేదు.

నెల్లూరు తీరానికి పోయి డ్రమ్ములతో సముద్రపు నీరు తెచ్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. జిల్లాల విభజన తర్వాత తిరుపతి జిల్లాకే సముద్రతీరం ఉన్న మాట నిజమే. కానీ ఒడ్డు నీటిలో బురద, కాలువల నుంచి కలిసే మురుగు ఉంటాయి. పులికాట్‌లో అయితే వానలకు ఒక ఉప్పదనం, ఎండలకు ఇంకో ఉప్పదనం. కల్లుప్పు కలిపితే ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. వంట ఉప్పులో దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో ఉండే మెగ్నీషియం, కాల్షియం, బైకార్బొనేటు అందులో తగినంత ఉండవు. కాబట్టి అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పునే కొనాలి. లీటరుకు 37, 38 గ్రాముల లెక్కన మొదటిసారి 26 కిలోల దాకా అవసరమవుతుంది. లవణీయత వెయ్యికి 35 పాళ్ళు, విశిష్ట సాంద్రతలో చెప్పాలంటే 1.025 నుంచి 1.026 ఉండాలి. తేలియాడే గాజు హైడ్రోమీటరుకంటే రిఫ్రాక్టోమీటరు నమ్మకమైనది, కానీ దానిని 35 పాళ్ళ ప్రమాణ ద్రావణంతో నెలకొకసారి సరిచేసుకోవాలి. ఉప్పును నీటిలో వేయాలే తప్ప ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు. అలా చేస్తే కొంత సున్నం గడ్డకట్టి అడుగున తెల్లగా పేరుకుపోతుంది.

నీటి కదలిక, కరెంటు

మన ఇళ్ళలో సంపు అంటే వాకిట్లో భూమిలో ఉండే నీళ్ళ తొట్టి. ఇక్కడ సంపు అంటే స్టాండు కింద ఉండే రెండో అద్దపు తొట్టె, స్కిమ్మరూ థర్మామీటరూ చిల్లరు (నీటిని చల్లబరిచే యంత్రం) గొట్టాలూ అన్నీ అందులోకి పోతాయి. పై తొట్టె నుంచి పొంగిన నీరు దానిలోకి దిగుతుంది, మోటారు తిరిగి పైకి ఎక్కిస్తుంది. కరెంటు పోయినప్పుడు ఏమి జరుగుతుందో కాగితం మీద లెక్కవేయకుండా ఈ అమరిక చేయించకూడదు. ఆరడుగుల తొట్టెలో నీటిమట్టం ఒక్క అంగుళం తగ్గితే 28 లీటర్లు కిందికి వస్తాయి. నేను మొదటిసారి అమర్చినప్పుడు తిరుగు గొట్టం మూతిని నీటిలో నాలుగంగుళాల లోతున ఉంచాను. అర్ధరాత్రి కరెంటు పోయి, ఆ గొట్టమే సైఫన్‌లా నీటిని వెనక్కి లాగేసరికి, తెల్లవారి హాలంతా ఉప్పునీరు. గొట్టం మూతిని నీటి ఉపరితలానికి ఒక అంగుళం లోపలే ఉంచి, ఉపరితలం దగ్గర చిన్న రంధ్రం వేస్తే గాలి చేరి సైఫన్ తెగిపోతుంది. 150 లీటర్ల సంపులో 90 లీటర్లు మాత్రమే నింపి మిగిలినది ఖాళీగా వదలాలి. నింపిన మొదటి రోజే ప్లగ్గులు తీసేసి ఈ పరీక్ష చేసి చూడాలి.

మెత్తని పగడాలకు గంటకు తొట్టె నీటికి 15 నుంచి 20 రెట్ల కదలిక చాలు. గంటకు 6,000 లీటర్ల వేవ్‌మేకర్లు (తొట్టెలోనే నీటిని కదిలించే చిన్న మోటార్లు) రెండు, ఎదురెదురు అద్దాలకు, కాస్త పైవైపుకు తిప్పి పెడితే ఉపరితలం కదిలి ప్రాణవాయువు కూడా కలుస్తుంది.

ఉప్పునీరు కరెంటును చాలా బాగా మోస్తుంది. ఈ తొట్టెకు విడిగా 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా ఒక్క మోటారు కూడా ఆన్ చేయకూడదు. సాకెట్లు స్టాండు లోపల కాకుండా పక్క గోడమీద ఎత్తుగా ఉండాలి. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి ఎక్కితే, వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే నేలకు రాలుతుంది. ఇన్వర్టర్ సైన్ వేవ్ రకం అయి ఉండాలి, లేకపోతే మోటార్లు మూలుగుతూ వేడెక్కుతాయి. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం వాడినా వేవ్‌మేకర్లకూ తిరుగు మోటారుకూ కలిపి 80 వాట్ల లెక్కన పది గంటల దాకా వస్తుంది. లైట్లను, చిల్లరును ఇన్వర్టర్ మీద పెట్టకూడదు. వెలుతురు ఒక రోజు లేకపోతే పగడానికి ఏమీ కాదు, నీటి కదలిక ఆగితే కొన్ని గంటల్లోనే చేపలు ఉక్కిరిబిక్కిరి అవుతాయి.

వేడిని బయటికి పంపడం

చిన్న ఫ్యాన్లు చేయగల పనిని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. ఒక లీటరు నీరు ఆవిరైపోతూ సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. రోజుకు పది లీటర్లు ఆవిరైతే అది ఎడతెగకుండా 280 వాట్ల వేడిని తోడివేసినట్టు. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది. ఫిబ్రవరి, మార్చి నెలలు ఇలా గడిచిపోతాయి. ఆవిరయ్యేది నీరే కానీ ఉప్పు కాదు కనుక, తగ్గిన మేర ఆర్ఓ మంచినీటినే పోయాలి. రోజుకు పది లీటర్లు చేత్తో పోయడం కుదిరే పని కాదు, ఫ్లోటు సెన్సరుతో తనంతట తాను నింపుకునే ఆటో టాప్-ఆఫ్ తప్పనిసరి.

ఏప్రిల్ నుంచి జూన్ చివరిదాకా ఫ్యాన్లతో సరిపెట్టుకోగలమని ఆశపడటం పొరపాటు. 700 లీటర్లకు అర హెచ్‌పీ చిల్లరు పెట్టాలి. అయితే చిల్లరు నీటి నుంచి తీసిన వేడిని, దానితోపాటు తన కంప్రెసరు వేడిని అదే గదిలోకి ఊదుతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో అది తన తోకను తానే తరుముతున్నట్టు ఆగకుండా తిరుగుతుంది. చిల్లరును వరండాలో నీడపట్టున పెట్టి, గొట్టాలకు నురగ తొడుగు వేసి లోపలికి తీసుకురావడం మేలు. ఆ గదిలో ఎలాగూ వేసవిలో పగలంతా ఏసీ నడుస్తుందనుకుంటే, దానిని 26 దగ్గర ఉంచి చిల్లరు లేకుండానే నెట్టుకురావచ్చు. కానీ వేసవి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఏసీ కట్టేసి పోయే అలవాటున్న ఇంట్లో ఈ ఏర్పాటు పనికిరాదు.

రాళ్ళు, ఎదురుచూపు

కృత్రిమంగా చేసిన, రంధ్రాలు ఎక్కువగా ఉన్న పొడి రాయి 40 నుంచి 50 కిలోలు తీసుకోవాలి. కొండరాయి బరువే తప్ప లోపల సూక్ష్మజీవులకు ఇల్లు కాలేదు. రాళ్ళను ఇసుక మీద కాక నేరుగా అడుగు అద్దంపై ఆనించి, ఆ తర్వాత చుట్టూ అరగొనైటు అనే సున్నపు ఇసుక పోయాలి. లేకపోతే ఇసుకను తవ్వే చేపలు గుట్టను కూల్చేస్తాయి. రాళ్ళ గుట్ట శిఖరం నీటి ఉపరితలానికి కనీసం 20 సెంటీమీటర్ల కింద ఉండాలి, వెనుక అద్దానికి చెయ్యి దూరేంత ఎడం ఉండాలి, ముందువైపు కొన్ని చూరుల్లా ముందుకు వచ్చి కింద నీడను ఇవ్వాలి. లైటు అమరిక నిజానికి ఇక్కడే మొదలవుతుంది: ఎక్కువ వెలుతురు కోరేవాటికి మెట్లు, తక్కువ కోరేవాటికి నీడ ఈ రాళ్ళే ఏర్పరుస్తాయి.

ఆ తర్వాత, చేపల వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియా రాళ్ళలో స్థిరపడేదాకా, నాలుగు నుంచి ఆరు వారాలు చీకట్లోనే ఉంచాలి. నీటిలో అమోనియా 2 పీపీఎం (పది లక్షల్లో 2 పాళ్ళు) వచ్చేలా అమోనియం క్లోరైడు, బ్యాక్టీరియా సీసా మందు వేస్తే, ఒక రకం బ్యాక్టీరియా దానిని నైట్రైటుగానూ, ఇంకొక రకం ఆ నైట్రైటును నైట్రేటుగానూ మారుస్తాయి. వేసిన 2 పీపీఎం అమోనియా 24 గంటల్లో పూర్తిగా మాయమై, నైట్రైటు కూడా సున్నాకు వస్తే నీరు సిద్ధమైనట్టు. ఈ దశలో లైట్లు వెలిగిస్తే పెరిగేది గోధుమరంగు పాచి మాత్రమే.

వెలుతురు

పగడం జంతువే అయినా దాని కణాల్లో జూక్సాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు వెలుతురుతో చక్కెర వండి, తాను కొంత ఉంచుకొని చాలా భాగం పగడానికి ఇస్తుంది. మనం వెలుతురు ఇచ్చేది ఆ నాచు కోసం. నీరు ఎర్రని కాంతిని పై పొరల్లోనే పీల్చుకుంటుంది, నీలం మాత్రం లోతుకు దిగుతుంది. కాబట్టి ఆ నాచులోని వర్ణద్రవ్యాలు ముఖ్యంగా 420 నుంచి 480 నానోమీటర్ల నీలిరంగు కాంతిని పట్టడానికి అలవాటుపడ్డాయి. పగడపు లైట్లు నీలంగా ఉండటానికి కారణం అందం కాదు. తెలుపు కొద్దిగా కలిపితే మన కంటికి చేపల రంగులు సహజంగా కనిపిస్తాయి; ఎరుపు, ఆకుపచ్చ దీపాలను ఐదు శాతం దాటనివ్వకపోతేనే నేను సంతోషిస్తాను, ఎందుకంటే వాటితో లాభపడేది ఎక్కువగా అద్దం మీది పాచి.

వెలుతురును వాట్లలో, ల్యూమెన్లలో లెక్కించడం ఇక్కడ పనికిరాదు. ల్యూమెన్ మనిషి కంటి కొలత, మన కన్ను నీలాన్ని తక్కువగానే చూస్తుంది. కొలవవలసింది పార్, అంటే ఒక చదరపు మీటరుమీద సెకనుకు పడే, కిరణజన్య సంయోగానికి పనికివచ్చే కాంతికణాల సంఖ్యను మైక్రోమోళ్ళలో చెప్పే కొలత. మధ్యాహ్నపు నిండు ఎండలో అది 2,000 దాకా ఉంటుంది. మష్రూమ్ పగడాలకు 30 నుంచి 80, జోవాంథిడ్లకు 80 నుంచి 150, తోలు పగడాలకు 100 నుంచి 200 చాలు. అంటే అలిపిరి మెట్ల దారిలో చెట్టు నీడన పడేంత వెలుతురుతోనే ఈ తొట్టె పండుతుంది. రోజు మొత్తానికి ఎంత అందిందన్నది కూడా లెక్కే: 100 పార్ చొప్పున పది గంటలు వెలిగిస్తే చదరపు మీటరుకు 3.6 మోళ్ళు. అదే మొత్తాన్ని ఐదు గంటల్లో 200 చొప్పున ఇవ్వడం కంటే నిదానంగా ఇవ్వడం మెత్తని పగడాలకు నయం.

250 వాట్ల మెటల్ హేలైడ్ దీపాలు ఒకప్పుడు రాజ్యమేలాయి. వాటి తళతళ ఇప్పటికీ సాటిలేనిదే కానీ, వాటి వేడిని మన ఊళ్ళో ఎవరూ భరించలేరు. టీ5 గొట్టపు దీపాలు నీడలు లేకుండా సమంగా వెలుతురు పరుస్తాయి. ఆరడుగులకు మూడడుగుల 39 వాట్ల గొట్టాలను రెండు వరుసలుగా పెట్టుకోవచ్చు, అయితే 9 నుంచి 12 నెలలకొకసారి మార్చాలి, ఆ నీలి గొట్టాలు అన్నిసార్లూ దొరకవు. కాబట్టి నా ఓటు ఎల్ఈడీకే. ఒక్కొక్కటి రెండడుగుల చదరాన్ని కప్పే యూనిట్లు మూడు కావాలి. రెండు బలమైనవాటితో సరిపెడదామని చూసేవారికి నడిమధ్యన నీడ, రెండు చోట్ల మంట మిగులుతాయి. శక్తి తక్కువైనా సంఖ్య ఎక్కువ ఉన్న దీపాలే మేలు, ఎందుకంటే ఒకే వైపు నుంచి వెలుతురు పడితే పగడం అటువైపే పెరిగి, రెండో వైపు చచ్చుబడిపోతుంది.

వీటిని తొట్టె అంచుకు తగిలించే కాళ్ళమీద కాకుండా, పైకప్పు స్లాబులో యాంకర్ బోల్టులు దింపి, ఒక అల్యూమినియం చానల్‌ను స్టీలు తీగలతో వేలాడదీసి, దానికి బిగించడం ఉత్తమం. అప్పుడు నీటికి 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున మొదలుపెట్టి, అవసరమైనప్పుడు పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ఎత్తు పెంచితే నడిమి తీవ్రత తగ్గి, వెలుతురు మూలలకు పరుచుకుంటుంది. అయితే గదిలోకీ అంతే వృథా అవుతుంది. వేలాడే దీపం తెగిపడితే నీటిలో పడకుండా ఇంకొక అడ్డుతీగ కట్టడం మరచిపోకూడదు. తొట్టెమీద సన్నని పారదర్శక వల ఒకటి పరచాలి. చేపలు ఎగిరిపడతాయన్నది ఒక కారణమైతే, తొలకరి వాన పడిన సాయంత్రం ఉసిళ్ళు ఈ నీలి వెలుగుకు గుంపులుగా వచ్చి నీళ్ళలో రాలడం రెండోది.

వల పరచిన తర్వాతే కొలతలు తీయాలి, ఎందుకంటే అది కొంత వెలుతురును ఆపుతుంది. పార్ మీటరు ఖరీదైనదే కానీ జీవితంలో రెండు మూడు సార్లకు మించి అవసరపడదు; ఉన్నవారి దగ్గర ఒక రోజుకు అడిగి తెచ్చుకోవడం తెలివైన పని. తొట్టెను పొడవునా మూడు భాగాలుగా, వెడల్పునా మూడు భాగాలుగా ఊహించుకొని, ఒక్కొక్క చోట పైన, మధ్యన, అడుగున కొలిస్తే 27 అంకెలు వస్తాయి. ఆ పటాన్ని స్టాండు తలుపు లోపలివైపు అంటించి ఉంచితే, కొత్త పగడం వచ్చిన ప్రతిసారీ దానిని ఎక్కడ ఉంచాలన్న తర్జనభర్జన ఉండదు. ఫోనులోని లక్స్ యాప్ నీలి కాంతిని సరిగా కొలవలేదు; నిన్నటికంటే నేడు తగ్గిందా పెరిగిందా అని పోల్చుకోవడానికి తప్ప ఆ అంకెను నమ్మకూడదు.

ఇక వెలిగించడం. నీరు సిద్ధమయ్యాక, కొత్త తొట్టెలో పగడాలు వచ్చేవరకు రోజుకు నాలుగైదు గంటలు, చాలా మసకగా వెలిగిస్తే చాలు. తుదకు 60 శాతం దగ్గర నిలపాలని మీ పటం చెబితే, పగడాలు వచ్చిన రోజు 25 శాతంతో మొదలుపెట్టి వారానికి ఐదేసి శాతం పెంచుతూ ఏడు వారాలకు అక్కడికి చేరాలి. నేను మొదటి తోలు పగడాన్ని శిఖరం మీద కూర్చోబెట్టి మొదటి రోజే 70 శాతం వెలిగించాను. మూడో రోజుకు దాని అంచులు పాలిపోయాయి, నాచు తిరిగి చేరి రంగు రావడానికి నాలుగు నెలలు పట్టింది. కొత్తవాటిని అడుగున ఉంచి, రెండు వారాలకొక మెట్టు చొప్పున పైకి జరపాలి.

రోజుకు మొత్తం తొమ్మిది గంటలు పెట్టుకొని, మొదటి గంటన్నర క్రమంగా పెరిగేటట్టు, చివరి గంటన్నర క్రమంగా తగ్గేటట్టు, నడుమ ఆరు గంటలు నిలకడగా ఉండేటట్టు అమర్చాలి. ఆ తొమ్మిది గంటలు పగటివేళే ఉండాలన్న నియమం ఏదీ లేదు. పగడానికి గడియారం తెలియదు, వెలుగు, చీకటి క్రమం తప్పకుండా వస్తే చాలు. వేసవిలో గది బాగా కాలేది మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు కాబట్టి, ఏప్రిల్ మొదటివారం నుంచి లైట్ల వేళను మూడు రోజులకొక అరగంట చొప్పున వెనక్కి జరుపుకుంటూ పోయి, సాయంత్రం ఐదు నుంచి రాత్రి రెండు వరకు వచ్చేటట్టు చేయడం నేను పాటించే పద్ధతి. దీనివల్ల చిల్లరు మీద భారం తగ్గుతుంది, ఆఫీసు నుంచి వచ్చాక తొట్టెను చూసుకునే వీలూ ఉంటుంది. రాత్రంతా నీలి 'వెన్నెల' దీపాలు వెలగనివ్వడం మాత్రం అనవసరం. పగడాలకు, చేపలకు నిజమైన చీకటి కావాలి.

సరిపోయిందా లేదా అన్నది మీటరు కంటే పగడాలే బాగా చెబుతాయి. జోవాంథిడ్లు కాడలు సాగదీసి పైకి లేస్తుంటే వాటికి వెలుతురు చాలడం లేదు. మష్రూమ్‌లు అంచులు ముడుచుకొని చిన్నవైపోతుంటే ఎక్కువైంది. తోలు పగడం వారం పది రోజులు ముడుచుకొని, ఒంటిమీద మైనంలాంటి పొరను రాల్చడం మాత్రం జబ్బు కాదు. పాము కుబుసం విడిచినట్టు అది అప్పుడప్పుడు అలా చేస్తుంది, దానికి భయపడి లైట్లు మార్చకూడదు. ఒక మార్పు చేశాక రెండు వారాలు ఆగి చూడటమన్నది ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన క్రమశిక్షణ.

చిల్లరు పాడై నీరు 29 డిగ్రీలు దాటిన రోజున ఐసు ముక్కల కోసం పరుగెత్తడానికి ముందు లైట్లను సగానికి తగ్గించాలి. వేడెక్కిన నాచు తాను పట్టిన కాంతిని సరిగా వాడుకోలేక, కణాలను కాల్చే చురుకైన ఆక్సిజన్ రూపాలను విడుదల చేస్తుంది. దానిని భరించలేకనే పగడం నాచును బయటికి గెంటివేసి తెల్లబడుతుంది. వేడి ఒక్కటే అయితే కొంతకాలం తట్టుకునే పగడం, వేడీ తీవ్రమైన వెలుతురూ కలిస్తే తట్టుకోలేదు. ఆ తర్వాత మూతలు తీసి, ఫ్యాన్లను నేరుగా నీటిమీదికి తిప్పి, ఆర్ఓ నీటితో గడ్డకట్టించిన సీసాలను మూత తీయకుండా సంపులో తేలనివ్వాలి. గంటకు ఒక డిగ్రీ కంటే వేగంగా దించకూడదు.

చేపల విషయంలో చెన్నై కొళత్తూరు అంగళ్ళు దగ్గర. సుమారు 140 కిలోమీటర్ల ప్రయాణం కనుక వేసవిలో రాత్రివేళ, థర్మోకోల్ పెట్టెలో తెచ్చుకోవాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతులను అభివృద్ధి చేసింది, కాబట్టి సముద్రం నుంచి పట్టినవాటిని కాక పెంపకపు పిల్లలనే అడిగి కొనాలి. నెల రోజులు వేరే తొట్టెలో ఉంచి చూశాకే పెద్ద తొట్టెలోకి వదలాలి. వారానికి 70 లీటర్ల నీరు మార్చడం, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, క్షారత 8 నుంచి 9 డీకేహెచ్ మధ్య నిలపడం, నైట్రేటు 10 పీపీఎం దాటకుండా చూడటం నిత్యకృత్యాలు.

పదిహేను రోజులకొకసారి లైట్ల అద్దాలను ఆర్ఓ నీటిలో తడిపిన మెత్తని గుడ్డతో తుడవాలి, ప్లగ్గు తీసి, చల్లారిన తర్వాత మాత్రమే. ఎగిరిన తుంపరలు ఎండి ఏర్పడే ఉప్పుపొర మనకు తెలియకుండానే వెలుతురును తగ్గిస్తూ పోతుంది, పగడాలు ఆ తగ్గుదలకే అలవాటుపడతాయి. చాలాకాలం తుడవకుండా వదిలేసి ఒకరోజు శుభ్రంగా తుడిచినట్లయితే, ఆ సాయంత్రం లైట్లను పది శాతం తగ్గించి వెలిగించి, వారంలో తిరిగి పాత అంకెకు తీసుకురావాలి.